రెండో సీసా

సీసాను కుళాయి కింద రెండుసార్లు తొలిచి, గిన్నెల సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కతో మరోసారి రుద్ది, గట్టు మీద బోర్లించింది నిర్మలాదేవి. అయినా ముక్కు దగ్గర ఆ వాసన పోలేదు.

"ఎవరు పెట్టారు దీన్ని నా ఫ్రిజ్‌లో?"

వసారాలో పేపరు చదువుతున్న చెంచురామయ్య తల ఎత్తలేదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నది ఒకటే. భార్య అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. రెండోది వినాలి.

"మిమ్మల్నే."

"ఏంటది?"

"ఇప్పసారా. పెరుగు గిన్నె వెనకాల, మునక్కాయల సంచి చాటున. దాచినవాళ్ళకు నా ఫ్రిజ్ సంగతి బాగా తెలుసు."

"నాకు ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదని నువ్వే కదా అంటావు."

అదీ నిజమే. మంచినీళ్ళ సీసా కూడా ఆయనకు చేతికి ఇవ్వాల్సిందే. కొడుకు నాగచైతన్య కారేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళి మూడు రోజులైంది. నిన్న సాయంత్రం కూరలు సర్దినప్పుడు ఈ సీసా లేదు.

కారేపల్లి బస్టాండు వెనక బెల్టు షాపు మూయించడానికి తొమ్మిది రోజులు చాప వేసుకుని కూర్చున్న మనిషి నిర్మలాదేవి. పదేళ్ళు గడిచినా కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరుకూ ఆమెను "బెల్టు షాపు అమ్మ" అనే పరిచయం చేస్తారు. అలాంటామె ఇంట్లో, పెరుగు పక్కన, సారా!

తలకు తువ్వాలు చుట్టుకుని కోడలు దీపిక అప్పుడే స్నానాల గది నుంచి బయటికి వచ్చింది. బోర్లించిన సీసాను చూసి అక్కడే ఆగిపోయింది.

"అత్తమ్మా, అండ్లది..."

"పారబోశాను."

"మొత్తమా?"

"సగం పారబోయడం ఎక్కడైనా ఉంటుందా?"

దీపిక వంటగది గుమ్మంలోనే కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నిర్మలాదేవికి సులువుగా ఉండేది, ఏం చేయాలో తెలిసేది.

"అది మందు అత్తమ్మా."

"ఊళ్ళో తాగేవాళ్ళందరూ దాన్ని మందనే అంటారు."

"అట్ల కాదు. ముత్తక్క ఇచ్చింది. నా ప్రాజెక్టుది. ఆకు నానేసింది దాంట్లనే."

వసారాలో పేపరు మడత పడిన చప్పుడైంది.

ఆకు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. ఇల్లందు అవతల గూడెంలో నాటువైద్యం చేసే ముత్తక్క కాలి పుండ్లకు పూసే ఆకు మీద దీపిక ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తోంది. ఖమ్మంలో కాలేజీ ల్యాబులో, చీము పట్టించే బాక్టీరియాను గాజు పళ్ళెంలో పెంచి, ఆ ఆకు రసం పీల్చిన చిన్న కాగితం బిళ్ళను పెట్టింది. తెల్లారి చూస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా రాలేదు. గుండ్రంగా, అద్దంలా తేటగా ఉంది. ఆ ఫోటోను చెంచురామయ్య ఎరువుల షాపులో అందరికీ చూపించాడు కూడా. "మా కోడలు పురుగుల మధ్య ముగ్గు గీసింది" అని.

మొదట్లోనే నిర్మలాదేవి ఒక షరతు పెట్టింది. బాక్టీరియా అన్నది తన గడప దాటకూడదు. దీపిక ఆ మాట తప్పలేదు. గడప దాటగూడనిది ఇంకొకటి ఉంటుందని మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్తా? మిమ్ముల చూస్తే ఆ పేరే నోట్లకెళ్ళి రాదు."

నిర్మలాదేవి గట్టు మీది నీళ్ళు తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

"ముందు చేసినదాంట్లో వచ్చిందిగా ఆ వలయం. ఇంకా ఎందుకు సీసా?"

"సోమారం వైవా. దానికి ముందు ఇంకోసారి చెయ్యాలె."

"సరే. ఒకటి అడుగుతాను. ఆ వలయం ఆకు వల్ల వచ్చిందా, సారా వల్ల వచ్చిందా?"

దీపిక బోర్లించిన సీసా వైపు చూసింది.

"పక్కన నీళ్ళ బిళ్ళ పెట్టానన్నావు, దాని చుట్టూ ఏమీ రాలేదన్నావు. ఆకు నానింది నీళ్ళలో కాదుగా? ఒక జాడీలో రాళ్ళుప్పు, ఒక జాడీలో మెత్తుప్పు వేసి, ఏ చెట్టు కాయ బాగుందో చెప్పమంటే నేను చెప్పను. ఉప్పు ఒకటే వేసి తెమ్మంటాను."

"నాకు తెలుసు అత్తమ్మా."

"తెలిసి కూడానా?"

"ఉత్త సారా బిళ్ళ కూడా పక్కన పెట్టాలె. దానికి ఇంకో సీస కావాలె." దీపిక తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్క సీస తెచ్చి దాస్తెనే రాత్రి నాకు అన్నం సయించలే. రెండో సీస ఏ మొఖం పెట్టుకుని తెద్దు ఈ ఇంటికి?"

చెంచురామయ్య వసారా నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ ఒక జోకు తయారుగా ఉండే మనిషి, దాన్ని నోట్లోనే ఉంచుకున్నాడు.

"నిన్న మా గైడ్ జయప్రకాశ్ సార్ ఫోన్ చేసిండు. పోల్చి చూడటానికి ఏం పెట్టినవ్ అని అడిగిండు. ఉత్త సారానే పెట్టిన సార్ అన్న. సిగ్నల్ లేదని ఫోన్ కట్ చేసిన." దీపిక ఒళ్ళోని తువ్వాలు మడిచింది. "గట్లనే సోమారం కూడా చెప్పాల్నా, లేకపోతే తప్పు ఒప్పుకుని ఆర్నెల్లు ఆగాల్నా అని రాత్రంత ఆలోచించిన. ఇప్పుడు ఆకు రసమే లేదు. ఇగ ఆలోచించే పని కూడా లేదు."

కుక్కర్ ఒకసారి కూసింది. రెండోసారి కూసింది.

తన ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడరని నిర్మలాదేవికి గట్టి నమ్మకం. పదిమంది ముందు చెప్పుకుంది కూడా. అబద్ధం ఆడని ఇల్లు వేరు, నిజం చెప్పడానికి భయపడే ఇల్లు వేరు అని ఆ నిమిషాన ఆమెకు తోచింది. తోచినదాన్ని మూడో కూతలోపు లోపలే మింగి, పొయ్యి ఆర్పింది.

"ఇల్లందు బస్సు ఎన్నింటికి?"

"ఎందుకే?" అన్నాడు చెంచురామయ్య.

"చీర మార్చుకొస్తాను. పప్పు కుక్కర్లో ఉంది, తాలింపు మీరే వేసుకోండి."

"నేనా?"

"ఆవాలు ఎర్రమూత డబ్బాలో ఉంటాయి. డబ్బా మూత ఎటు తెరుచుకుంటుందో తెలుసా?"

*

ముత్తక్క ఇంటి ముందు పట్టా మీద ఇప్పపూలు ఎండుతున్నాయి. గాలంతా తియ్యగా, కొంచెం మత్తుగా ఉంది. నిర్మలాదేవి కొంగు ముక్కు దాకా తెచ్చి, అది మర్యాద కాదనిపించి వదిలేసింది.

ముత్తక్కకు అరవై దాటి ఉంటాయి. కోడలు అత్తను వెంటేసుకు రావడం చూసి చేటలో పూలు ఏరడం ఆపింది.

"పిల్లా, ఈమెనేనా మీ అత్త? షాపు మూయించినామె?"

"అవ్ ముత్తక్కా."

"ఇంకేం మూయించడానికి వచ్చింది?"

నిర్మలాదేవి మంచం మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "నువ్వు ఇచ్చిన మందు నేను పారబోశానమ్మా. తెలియక. తప్పు నాదే. అమ్మాయిని ఏమీ అనొద్దు."

"పారబోసినవా? ఏడ?"

"సింకులో."

ముత్తక్క చేట పక్కన పెట్టింది. "మంచిగైంది. మీ సింకుకు ఇగ పుండ్లు కావు."

దీపిక మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. పొద్దుటి నుంచి ఆ పిల్ల నవ్వడం ఇదే మొదలు. నిర్మలాదేవికి ఒళ్ళు మండాల్సింది, మండలేదు.

ముత్తక్క లోపలికి వెళ్ళి ఎండిన సొరకాయ బుర్ర తెచ్చింది. మోదుగాకు దొప్ప ఒకటి కుట్టి, బుర్రలోది అందులో పోసి నిర్మలాదేవి చేతికిచ్చింది.

"మందు పారబోసిన చెయ్యి ఉత్తగ పోవద్దు. మా పెద్దలకు ముందు నువ్వే పొయ్యాలె. పోసినంకనే నేనిస్త."

"నేనా? సారా?"

"తాగమంటలేను గద. పొయ్యమంటున్న. పొద్దుగాల మంచిగనే పోసినవంట."

నిర్మలాదేవి దొప్ప పట్టుకుంది. ఇంటి ముందు పెద్దల పేరిట పాతిన గుంజ దగ్గర మోకాళ్ళ మీద వంగి, తీర్థం పోసినట్టు జాగ్రత్తగా ఒక్క చుక్క జార్చింది.

"అంతేనా? పెద్దలు నలుగురున్నరు తల్లీ."

ఆమె దొప్ప మొత్తం వంపింది. నేల చప్పున పీల్చుకుంది. ముత్తక్క తన భాషలో ఏదో మెల్లగా చెప్పుకుంది, అందులో రెండుచోట్ల దీపిక పేరు వినిపించింది. తన పేరు కూడా ఒకసారి వచ్చిందేమో అని నిర్మలాదేవి చెవి పెట్టింది. రాలేదు.

"ఇందులో ఆకు నాని ఎన్నాళ్ళయింది?" అని అడిగింది చీర దులుపుకుంటూ.

"ఎనిమిది రోజులు. నిన్న ఇచ్చింది గూడ ఇండ్లదే."

"మాకు ఆకు వెయ్యని సారా కూడా కావాలమ్మా. ఏ కుండలో దించినదాంట్లో ఆకు వేశావో, అదే కుండది. వేరేది పనికిరాదు."

ముత్తక్క దీపిక వైపు తిరిగింది. "మీ అత్తనెందుకు చదివిపిస్తలేరు కాలేజీల?"

"డిగ్రీ చదివిన్రు ముత్తక్కా."

"అగుపిస్తనే ఉంది." ముత్తక్క గడ్డం గోక్కుంది. "మొదలు దిగింది మందుకు, తర్వాత దిగింది మనుషులకు. మందుదాంట్ల ఆకెయ్యంది ఒక్క గిద్దెడు మిగిలింది. నా మోకాళ్ళ నొప్పులకు దాసుకున్న."

"రాసుకుంటావా?"

"రాస్త. లోపల్నుంచి రాస్త."

ఈసారి నిర్మలాదేవికే నవ్వు ఆగలేదు. బెల్టు షాపు మూయించిన తరువాత సారా గురించి ఆమె నవ్విన మొదటి నవ్వు అదే అయి ఉంటుంది.

ముత్తక్క ఒక సీసాలో ఆకు మందు, ఇంకో సీసాలో ఆ గిద్దెడూ కొలిచి పోసింది. ఆకు ఏదో నిర్మలాదేవి అడగలేదు. దీపికకు తెలుసు, పరీక్ష కాగితాల్లో ఉంటుంది. అడగకుండా ఉండటం కష్టంగానే ఉంది, అయినా అడగలేదు.

*

ఇల్లందులో బస్సెక్కేసరికి సీట్లు రెండు వేర్వేరు చోట్ల దొరికాయి. దీపిక వెనక్కి వెళ్ళింది. నిర్మలాదేవి సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. రెండు సీసాలనూ విడివిడిగా తువ్వాళ్ళలో చుట్టి, ఏది ఏదో తెలిసేలా ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి తెల్లదారం కట్టింది.

బస్సు కదలబోతుంటే శ్యామల ఎక్కింది. కారేపల్లిలో మూడో వీధి. ధర్నాలో తొమ్మిది రోజులూ నిర్మలాదేవి పక్కనే కూర్చున్న మనిషి.

"వదినా! నువ్వేంది ఇటు?" అంటూ వచ్చి, పక్కనున్నామెను జరగమని మధ్యలో ఇరుక్కుంది.

రెండు మలుపులు తిరిగాయో లేదో శ్యామల ముక్కు ఎగబీల్చింది. ఇటు చూసింది, అటు చూసింది.

"వదినా, నీకు వాసనొస్తలేదా?"

"ఏం వాసన?"

"సారా. డ్రైవర్ తాగిండు. చూడు, ఎట్ల తోలుతుండో. ఇంతమంది పానాలు!" శ్యామల అప్పటికే లేచి ముందు సీటు కమ్మీ పట్టుకుంది. "ఓ డ్రైవరన్నా, ఆపు బండి!"

ధర్నా నాటి గొంతు. బస్సంతా తిరిగి చూసింది. డ్రైవరు అద్దంలో బిత్తరపోయి చూశాడు. వెనక సీట్లో దీపిక కళ్ళు మూసుకుంది.

నోరు మూసుకుని కూర్చుంటే పాపం ఆ డ్రైవరు ఉద్యోగానికి ముప్పు. నిర్మలాదేవి శ్యామల కొంగు పట్టి లాగింది.

"కూర్చో. ఆయన తాగలేదు. వాసన నా సంచిలోది."

"ఏముంది సంచిల?"

"సారా. రెండు సీసాలు."

శ్యామల నవ్వింది. నిర్మలాదేవి నవ్వకపోవడం చూసి ఆపింది. మెల్లగా తువ్వాలు కొస ఎత్తి చూసి, వేడి గిన్నె ముట్టినట్టు చెయ్యి తీసుకుంది.

"తొమ్మిది రోజులు ఎండల నీ పక్కన కూసున్న వదినా. నా పెనిమిటితోని మాట్లాడకుండ కూసున్న."

"కారేపల్లి వచ్చేలోపు మొత్తం చెప్తాను. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టు."

చెప్పింది. పారబోసింది కూడా దాచలేదు. సింకు దగ్గర శ్యామల పెదవి బిగపట్టింది. దొప్ప దగ్గర ఇక ఆపుకోలేకపోయింది. ముందు సీట్లోని ముసలాయన కూడా తల వెనక్కి వాల్చి వింటున్నాడని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

"మరి ఆ ఉత్త సారాకు గూడ గా పురుగులు సస్తే?" అన్నాడాయన.

"అయితే ఆకులో ఏమీ లేదన్నట్టే లెక్క తాతా."

"మా కాళ్ళు మానినయ్ గద దాంతోని."

"అదే తేలాలి."

బస్సు గుంతలో పడి లేచింది. సంచిలో సీసాలు ఒకదానికొకటి తగిలాయి. శ్యామల గబుక్కున సంచి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇటియ్యి. నీ మోకాళ్ళు ఎముకలు వదినా, సీసలు పగుల్తయ్."

*

శనివారం పొద్దున దీపిక ఖమ్మం వెళ్ళి పళ్ళేలు పెట్టి వచ్చింది. ఆదివారం నిర్మలాదేవి కూడా బయలుదేరింది. ఎందుకని ఎవరూ అడగలేదు. చెంచురామయ్య మాత్రం, "తాలింపు ఈసారి మాడనివ్వనులే" అన్నాడు.

సెలవు రోజైనా జయప్రకాశ్ సార్ వచ్చి ల్యాబు తెరిచాడు. నలభై ఏళ్ళ మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. దీపిక ఆయన ముందు తల దించుకోకుండా నిలబడింది.

"సార్, గురువారం ఫోన్ల మీకు అబద్ధం చెప్పిన. ఉత్త సారా బిళ్ళ అప్పుడు పెట్టలే. నిన్న పెట్టిన."

ఆయన ఆమెను, ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దామెను చూశాడు. తిడదామని తెరిచిన నోరు ఏదో అనుకుని మూసుకున్నాడు.

"తియ్యి, చూద్దాం."

వెచ్చగా ఉండే పెట్టెలోంచి మూడు గాజు పళ్ళేలు వచ్చాయి. ఒక్కోదాంట్లో నాలుగు బిళ్ళలు. ఒకటి దవాఖానాలో ఇచ్చే యాంటీబయాటిక్. ఒకటి నీళ్ళు. ఒకటి ఉత్త సారా. ఒకటి ఆకు. మూత తీయకుండా, పళ్ళెం బోర్లించి వెనక నుంచి కొలవాలట. దీపిక స్కేలు తీసింది.

నిర్మలాదేవి దగ్గరికి వంగింది. పళ్ళెమంతా పల్చటి గంజి ఆరినట్టు తెల్లగా ఉంది. ఒకచోట మాత్రం కడిగినట్టు తేటగా, గుండ్రంగా.

"అది ఏ బిళ్ళ?"

"ఆకు. పద్నాలుగు మిల్లీమీటర్లు." దీపిక స్కేలు జరిపింది. "సారా..."

"ఆ?"

"ఏం లేదు అత్తమ్మా. బిళ్ళ అంచుదాకా తెల్లగనే ఉంది. సారా చుట్టూ ఏం రాలే!"

జయప్రకాశ్ సార్ తనూ చూసి తల ఊపాడు. రెండో పళ్ళెం. ఆకు పదమూడు. సారా, ఏమీ లేదు. దీపిక అత్త చెయ్యి పట్టుకుంది. ఇంటి బయట, ఇంకొకరి ముందు, ఆ పిల్ల అలా పట్టుకోవడం ఎప్పుడూ లేదు. నిర్మలాదేవి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మూడో పళ్ళెం. ఆకు పద్నాలుగు.

సారా బిళ్ళ చుట్టూ సన్నగా, గోటితో గీసినట్టు, తేట గీత.

స్కేలు అక్కడే ఆగింది. "ఎనిమిది, బిళ్ళ ఆరుతోని కలిపి" అంది దీపిక.

సార్ ఆ పళ్ళేన్ని గోడ గడియారం కింది లైటుకు ఎత్తి చూశాడు.

"దీంట్ల బిళ్ళ సరిగ ఆరకముందే పెట్టిన సార్. బస్సుకు టైమైతుందని తొందరపడ్డ. తడి ఉండె."

"అట్లనే అయ్యుంటది." సార్ పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "పొరపాటున పెట్టినవు కాబట్టి ఈ మూడోది పక్కకు పెట్టొచ్చు. రెండు చాలనేటోళ్ళే ఎక్కువ. అట్లయితే రేపు నీకు అడ్డుండదు. రాస్తే మాత్రం అడుగుతరు. నీ ఇష్టం."

దీపిక రిజిస్టరు తెరిచింది. రాయకుండా అత్త వైపు చూసింది.

నిర్మలాదేవి గడియారం వైపు చూసింది. ఇంట్లో అయితే ఈపాటికి నలుగురి తరఫునా జవాబు చెప్పేసి ఉండేది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. పళ్ళు బిగించి, ముల్లు మీదనే చూపు ఉంచింది. ముల్లు ఒక చుట్టు తిరిగింది.

కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు. మొదటి పళ్ళెం. రెండోది. కొంచెం ఆగి, మూడోది.

"మూడూ రాసిన సార్. బిళ్ళ తడి ఉండంగ పెట్టిన అని కూడా రాసిన."

జయప్రకాశ్ సార్ ఆ పేజీ చదివాడు. మెచ్చుకున్నట్టూ ఉంది, జాలిపడినట్టూ ఉంది ఆయన మొహం.

"రేపు బయట నుంచి వచ్చే ఎగ్జామినర్ మేడం సంగతి నీకు తెల్వదమ్మా. ఈ ఒక్క గీత చూసి మొత్తం మళ్ళ చేసుకు రమ్మని ఆర్నెల్లు వెనక్కి పంపినా పంపుతది."

నిర్మలాదేవి సంచి భుజాన వేసుకుంది.

"మా సంగతి ఆమెకు తెలీదు."